పాత హెరాల్డ్‌కి కూలెంట్ రిజర్వ్ డబ్బా: డబ్బా తర్వాత, ముందు మూత చూడండి

[తెర మీద: ముందుకు వాల్చిన బానెట్. కారు ముందు టైరు మీద కూర్చుని మాట్లాడుతున్నాను.]

నమస్కారం. నేను కూర్చున్నది స్టూలు మీద కాదు, టైరు మీద. స్టాండర్డ్ హెరాల్డ్‌లో ఈ సుఖం ఒకటుంది. బానెట్టూ రెండు పక్కల మడ్‌గార్డులూ కలిసి ఒకే ముక్కగా ముందుకు వాలిపోతాయి. ఇంజన్ ఎటువైపు నుంచైనా చేతికందుతుంది. ఇంగ్లండులో ట్రయంఫ్ వాళ్ళు 1959లో తెచ్చిన బండి ఇది. రూపం దిద్దింది ఇటలీకి చెందిన మికెలొట్టి. 1961లో మన మద్రాసులో స్టాండర్డ్ మోటార్ వాళ్ళు దీన్ని తయారు చేయడం మొదలుపెట్టారు. తర్వాత మన పెద్ద కుటుంబాల కోసం నాలుగు తలుపులది కూడా చేశారు. ఇంగ్లండు వాళ్ళ సెలూన్ రకం కారుకి చివరిదాకా రెండు తలుపులే.

ఈ బండి మా మామయ్యది. ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, అదే కూలెంట్, వేడికి పొంగి రేడియేటర్‌లోంచి బయటికొస్తే పట్టి ఉంచి, చల్లారాక వెనక్కిచ్చేది రిజర్వ్ డబ్బా. దీనికి పుట్టుకతో అది లేదు. ఇవాళ ఒకటి బిగిద్దాం.

ముందుగా నేను చేసిన తెలివితక్కువ పని చెప్పేస్తాను. పోయిన మే నెలలో సూళ్ళూరుపేటలో పెళ్ళి. బయల్దేరే ముందు రోజు సాయంత్రం ఒక ఖాళీ మంచినీళ్ళ సీసా తెచ్చి, రేడియేటర్ మెడ దగ్గరున్న సన్న గొట్టాన్ని అందులో దూర్చి, నాలుగు ట్యాగులు బిగించి, “అయిపోయింది మామయ్యా” అన్నాను. ఆయన ఏమీ అనలేదు. డిక్కీలో ఐదు లీటర్ల నీళ్ళ క్యాను మాత్రం పెట్టుకున్నాడు.

గుమ్మిడిపూండి దగ్గర టీకి ఆగాం. బానెట్ ఎత్తితే సీసా వేడికి మెత్తబడి, కాల్చిన వంకాయలా ముడుచుకుపోయి ఉంది. అడుగున సగం దాకా పచ్చటి కూలెంట్. సరే, చల్లారితే అదే వెనక్కి పోతుందిలే అనుకున్నా. గంట కూర్చున్నాం. చుక్క కదల్లేదు. రేడియేటర్ మూత తీస్తే లోపల వెలితి. మామయ్య క్యాను మూత తిప్పుతూ, “సీసా బాగానే కట్టావురా. పోయింది తిరిగొచ్చే దారేదీ?” అన్నాడు.

ఆ దారి సీసాలో లేదు, మూతలో ఉంది.

[కెమెరా దగ్గరగా: అరచేతిలో రెండు రేడియేటర్ మూతలు, తిరగేసి]

ఎడమ చేతిది పాతది, కుడి చేతిది కొత్తది. రెండింటికీ స్ప్రింగు ఉంది, దాని కింద నల్ల రబ్బరు వాషరు ఉంది. ఈ వాషరు రేడియేటర్ మెడలో లోపలి అంచు మీద కూర్చుంటుంది. ఒత్తిడి పెరిగితే స్ప్రింగు అణిగి వాషరు లేస్తుంది, ఎక్కువైంది పక్క గొట్టంలోంచి బయటికి పోతుంది. ఇక మధ్యలో ఉన్న ఈ చిన్న బొత్తాం. గోటితో లాగితే కదులుతోంది చూడండి. ఇంజన్ చల్లారేటప్పుడు లోపల కూలెంట్ కుంచించుకుని వాక్యూమ్ వస్తుంది. అప్పుడు ఇది తెరుచుకుని, గొట్టంలోంచి లోపలికి పీల్చుకోనిస్తుంది.

ఇక్కడిదాకా రెండూ ఒకటే. ఇప్పుడు పైభాగం చూడండి. మెడ పై అంచుని తాకే చోట పాత మూతకి ఉట్టి రేకే. కొత్త దానికి అక్కడ కూడా ఒక రబ్బరు వాషరు ఉంది. తేడా అంతా ఇదే. కొబ్బరి బొండంలో వేసిన స్ట్రాకి పైన చిల్లు పడితే ఎంత పీల్చినా గాలే వస్తుంది కదా. పాత మూత అదే చేసింది. రేకు సందులోంచి గాలి పీల్చుకుని ఊరుకుంది, సీసాలోది సీసాలోనే ఉండిపోయింది.

ఎంత కూలెంట్ ఇలా వచ్చిపోతుంది? ఐదు లీటర్ల నీళ్ళు 30 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకి వేడెక్కితే సుమారు 3 శాతం, అంటే 150 మిల్లీలీటర్లు పెరుగుతాయి. కూలెంట్ కలిస్తే ఇంకాస్త ఎక్కువ. కారు చేసినవాళ్ళు ఈ సంగతి మరిచిపోలేదు. రేడియేటర్‌ని మెడ దాకా నింపకుండా పైన కొంచెం ఖాళీ ఉంచమన్నారు, పెరిగేది అందులో సర్దుకుంటుంది. మనం ఊరుకోం కదా, నిండుగా పోస్తాం. అది రోడ్డు మీద కక్కుతుంది. లీకేమో అని టెన్షన్ పడి మళ్ళీ పోస్తాం.

ఒక మాట. బండి హీటెక్కే జబ్బుకి ఈ డబ్బా మందు కాదు. రేడియేటర్‌లో బోరు నీళ్ళ సున్నం పేరుకున్నా, ఫ్యాన్ బెల్టు వదులైనా, వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదిలే థర్మోస్టాట్ తెరుచుకోకపోయినా డబ్బా ఏమీ చేయలేదు. డబ్బాతో లాభం వేరే: కూలెంట్ వృథా కాదు, లోపలికి గాలి చేరదు కాబట్టి తుప్పు తగ్గుతుంది, వేడి మూత తీయకుండానే లెవెల్ చూసుకోవచ్చు. నా మటుకు నాకు అది చాలు.

కొనడానికి చెన్నైలో బండ్ల విడిభాగాలు దొరికే పుదుపేట వెళ్ళాను. పాత మూత జేబులో వేసుకెళ్ళండి. వెడల్పు సరిపోయినా మెడ లోతు తేడా ఉంటే అడుగు వాషరు సరిగ్గా కూర్చోదు. మూత మీద అంకె ఉంటుంది, అది పౌండ్లలో ఒత్తిడి. 7 అని ఉంటే నీళ్ళు 111 డిగ్రీల దగ్గర మరుగుతాయి, 15 అయితే 121 దగ్గర. “పెద్దది వేసుకో సార్, సేఫ్” అన్నాడు షాపతను. వద్దు. ఏళ్ళనాటి రేడియేటర్, టంకం పెట్టిన అతుకులు. పాత మూత మీద ఏ అంకె ఉందో అదే తీసుకున్నాను.

డబ్బాగా మారుతి 800ది తీసుకున్నా. తెల్లటి ప్లాస్టిక్, లోపల లెవెల్ కనిపిస్తుంది, వేడికి ఆగుతుంది. ఒత్తిడి తట్టుకుంటూ మూత తన మీదే ఉండే ట్యాంకులు కూడా ఉన్నాయి. వాటికి రేడియేటర్ కన్నా ఎత్తులో చోటు కావాలి, పైపులు మార్చాలి. పాత బండికి అంత హంగామా అక్కర్లేదు.

[తెర మీద: బిగింపు]

ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండాలి. డబ్బాని రేడియేటర్ పక్కనే బిగిస్తున్నాను. సైలెన్సర్ పైపుకీ ఫ్యాన్‌కీ దూరంగా. బోల్టులు బిగించేముందు బానెట్ ఒకసారి నెమ్మదిగా మూసి చూడండి, హెరాల్డ్‌లో బానెట్‌తో పాటు మడ్‌గార్డులూ దిగుతాయని మరిచిపోవద్దు. గొట్టం డబ్బా అడుగుదాకా దిగాలి, దాని చివర ఎప్పుడూ కూలెంట్‌లో మునిగే ఉండాలి. రేడియేటర్ దగ్గర క్లిప్పు తప్పనిసరి. వదులుగా ఉంటే అదే స్ట్రాకి ఇంకో చిల్లు. డబ్బా మూతకి గాలి రంధ్రం ఉంటుంది, శుభ్రంగా ఉంటుందని దాన్ని మూసేయకండి.

కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం. ఇప్పుడు రేడియేటర్‌ని మెడ దాకా నింపొచ్చు. డబ్బాలో కనిష్ఠ గీతకి కొంచెం పైన. కింద ఒలికితే వెంటనే కడిగేయండి. కూలెంట్‌లో ఉండే ఇథిలిన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. మా వీధి కుక్క అప్పుడే వాసన చూడ్డానికి వచ్చింది, తరిమేశాను.

[తెర మీద: మర్నాడు పొద్దున్న, అదే చోటు]

రాత్రి అడయారు దాకా తిప్పి వచ్చాం. బండి ఆపాక లెవెల్ ఇంకాస్త పైకి వెళ్ళింది. కూలెంట్‌ని తిప్పే పంపు ఆగిపోతుంది, ఇంజన్ వేడి మాత్రం అలాగే ఉంటుంది, అందుకని. ఇప్పుడు చూడండి, నిన్న పెన్నుతో గీసిన గీత దగ్గరికే దిగింది. మొదటి ఒకటి రెండు రోజులు లోపల చిక్కుకున్న గాలి బయటికి పోతుంది కాబట్టి కాస్త తగ్గితే కంగారు పడకండి, డబ్బాలో పోయండి.

మీది దిగకపోతే మూత, క్లిప్పు చూడండి. చల్లారాక రేడియేటర్ పెద్ద పైపు నొక్కుకుపోయి చప్పిడిగా కనిపిస్తే, బొత్తాం పట్టేసింది లేదా సన్న గొట్టం ఎక్కడో మడత పడింది. ఇంజన్ బాగా వేడెక్కాక కూడా డబ్బాలో బుడగలు ఆగకుండా వస్తూ, యాక్సిలరేటర్ నొక్కితే ఎక్కువైతే, అది హెడ్ గాస్కెట్, అంటే ఇంజన్ పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు, పాడైన సంగతి. ఆ బండిని నడపకండి, మెకానిక్‌ని పిలవండి.

పోయిన ఆదివారం మళ్ళీ తడ దాకా వెళ్ళొచ్చాం. మామయ్య క్యాను ఎప్పటిలాగే డిక్కీలో పెట్టాడు. దారిలో చెట్టు కింద పులిహోర తిని, ఆ నీళ్ళతో చేతులు కడుక్కున్నాం.