పక్కన నిలబడి నేర్పేవారు కావాలి

(అంతర్జాతీయ నర్సుల దినోత్సవం సందర్భంగా గుంటూరులో ఒక విశ్రాంత నర్సింగ్ ట్యూటర్ చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదికపైనున్న పెద్దలకు, తోటి నర్సులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

మే 12 వచ్చిందంటే ఫ్లారెన్స్ నైటింగేల్ చేతిలోని దీపాన్ని తలచుకుంటాము. 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె నెలకొల్పిన శిక్షణాలయంలో కొత్తవారికి పని నేర్పే బాధ్యత వార్డు సిస్టర్లదేనన్న సంగతిని మాత్రం అంతగా తలచుకోము. డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లోనే ఆసుపత్రి తెరిచిన ఊరు మనది. ఇక్కడ ఆ సంగతి మరవకూడదు.

క్లినికల్ పోస్టింగ్, అంటే ఆసుపత్రి వార్డుల్లో పని నేర్చుకునే శిక్షణ, ముగించుకొని వచ్చిన నర్సింగ్ పిల్లలను ‘తృప్తిగా ఉందా’ అని అడిగితే, వారు హాస్టల్ గురించో, బస్సు గురించో కాక, వార్డులో తమను పట్టించుకున్న మనిషి గురించి చెబుతారు. ఫిన్లాండ్ పరిశోధకులు రూపొందించిన ఒక ప్రశ్నావళి వార్డు వాతావరణాన్ని, ఇన్‌చార్జి నడిపించే తీరును, టీచరు పాత్రను, పర్యవేక్షకురాలితో విద్యార్థికి ఉన్న సంబంధాన్ని కొలుస్తుంది. దానితో జరిగిన అధ్యయనాల్లో విద్యార్థి తృప్తి విషయంలో ఈ చివరి అంశానికే ఎక్కువ బలం కనిపించింది.

ఇక్కడ నా మనసులోని బాధ చెప్పాలి. నేను పనిచేసిన ఒకచోట పోస్టింగ్ చివరి రోజున విద్యార్థులు చేసిన పనులను నమోదు చేసే ప్రొసీజర్ బుక్కులు బల్ల మీద దొంతరగా పేర్చేవారు. చూడని కాథెటర్‌కు (మూత్రపు గొట్టానికి), చూడని డ్రెస్సింగ్‌కు, చూడని ముక్కు గొట్టానికి వరుసగా సంతకాలు పడేవి. చూడకుండా పెట్టిన సంతకం, అయ్యా, ఎవరికి మేలు చేస్తుంది? అదే ఆసుపత్రిలో ఒక సీనియర్ సిస్టర్, కాన్యులా (నరంలోకి మందు ఎక్కించే సన్న గొట్టం) పెట్టబోతూ చేతులు వణుకుతున్న అమ్మాయి పక్కన నిలబడి, రోగితో తానే మాట కలిపి, నరం పైకి తేలేలా చేతికి బిగించే టోర్నికే పట్టీ కట్టించి, నరం వేలికి తగిలేదాకా తొందరపెట్టకుండా ఆగింది. మొదటిసారి తప్పిపోతే అందరి ముందూ మందలించలేదు. డ్యూటీ రూములోకి తీసుకెళ్లి సూది ఎంత వాలుగా పట్టుకోవాలో మళ్లీ చూపించింది. ఆ పిల్ల మర్నాడు ఆ వార్డుకే పరుగున వచ్చింది.

స్టాఫ్ నర్సుల మీద పని భారం ఎంతో నాకు తెలియనిది కాదు. కిక్కిరిసిన వార్డును ఒక్కరే మోస్తూ పాఠం కూడా చెప్పమంటే ఎలా? కాబట్టి ఇది కేవలం వారి మంచితనానికి వదిలేయవలసిన విషయం కాదు. ప్రిన్సిపాళ్లు ట్యూటర్లను తరగతి గదులకే పరిమితం చేయకుండా వార్డులకు పంపాలి. ఏ విద్యార్థికి ఏ నర్సు బాధ్యురాలో పోస్టింగ్ మొదటి రోజే పేరు రాసి గోడకు అంటించాలి. ఆ నర్సుకు రోగుల సంఖ్య తగ్గించాలి. సంతకం ఏ రోజు పనికి ఆ రోజే, కళ్లారా చూసిన తరువాతే పడాలి.

పిల్లలూ, ‘సిస్టర్, ఒక్కసారి పక్కన ఉండండి’ అని అడగడానికి జంకకండి. అలా అడిగిన విద్యార్థిని విసుక్కోవద్దని ఈ సభలో ఉన్న ప్రతి ఇన్‌చార్జిని చేతులు జోడించి వేడుకుంటున్నాను.