ఆవుకు గోళ్ళుంటాయా? డాక్టర్ చీటీలో చర్మం, బొచ్చు, గిట్టల మాటలు

నమస్కారం అండి. మొన్న ఒక రైతు మందుల చీటీ ఫొటో పంపారు. అందులో "లెఫ్ట్ హైండ్, లాటరల్ క్లా" అని ఉంది. ఫోన్‌లో క్లా అని వెతికితే ఆయనకు పులి పంజాలు, పిల్లి గోళ్ళు కనిపించాయట. "మా ఆవుకు గోళ్ళెక్కడివి సార్, ఇంకెవరి చీటీయో నాకిచ్చారా?" అని టెన్షన్ పడిపోయారు. చీటీ ఆయనదే. ఈ వీడియో ఆయన కోసమే మొదలుపెట్టాను.

తమ్ముడూ, కెమెరా కాస్త కిందికి పట్టు. ఇది మా ఆవు వెనక ఎడమ కాలు. పేడంతా కడిగేశాను. గిట్ట రెండుగా చీలి ఉంది కదా, మనం మొత్తాన్నీ కలిపి గిట్ట అనో డెక్క అనో అంటాం. డాక్టర్లు ఆ రెండింటిలో ఒక్కోదాన్ని క్లా అంటారు. బయటివైపుది లాటరల్, లోపలివైపుది మీడియల్. వెనక కాళ్ళలో బయటి గిట్ట మీదే బరువు ఎక్కువ పడుతుంది. పాడి ఆవు వెనక కాలు కుంటుతుంటే ముందు అక్కడే చూడండి.

వెంట్రుకలు ఆగి గిట్ట మొదలయ్యే ఈ అంచు ఉంది చూశారా, ఇది కొరొనరీ బ్యాండ్. గిట్ట ఇక్కడి నుంచే కిందికి పెరుగుతుంది, నెలకు దాదాపు అర సెంటీమీటరు. ఇప్పుడు ఈ అడ్డగీత చూడండి. వేలితో తడిమితే పల్లంగా తెలుస్తోంది. అంచుకు రెండు సెంటీమీటర్ల కింద ఉంది, అంటే నాలుగు నెలల కిందటిది. మా ఆవు ఈనింది సరిగ్గా అప్పుడే. ఈనినప్పుడు పడ్డ కష్టం, జ్వరం, మేతలో మార్పు, ఇవన్నీ గిట్ట మీద ఇలా గీతలై మిగిలిపోతాయి. నాకు ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యమే.

రెండు గిట్టల మధ్య సందు ఇంటర్‌డిజిటల్ స్పేస్. గాలికుంటు జబ్బులో నోట్లోనే కాదు, ఇక్కడ కూడా బొబ్బలొస్తాయి. కుంటుతూ, నోటి నుంచి చొంగ కూడా కారుతుంటే ఆ రెండూ కలిపి చెప్పండి.

ఇక చర్మం. ఫోన్ చేసి "ఒళ్ళంతా పొక్కులు సార్" అంటారు. పొక్కు అంటే ఏది? నీరు నిండినది వెసికిల్, అదే మన బొబ్బ. చీము ఉంటే పస్ట్యూల్. లోపల నీరు, చీము ఏమీ లేకుండా గట్టిగా ఉబ్బి, సెంటీమీటరు దాటితే నోడ్యూల్, మన మాటలో గడ్డ. ఎండి పైన అట్టకట్టింది క్రస్ట్, మనం పక్కు అంటాం. లంపీ స్కిన్, అంటే మన ముద్దచర్మం జబ్బులో వచ్చేవి నోడ్యూల్స్. చర్మం పైపైన కాదు, తోలు మందమంతా పట్టుకుని ఉంటాయి. "పొక్కులు" కాదు, "గట్టి గడ్డలు, జ్వరం కూడా ఉంది" అనండి. అవతల వినే డాక్టర్ ఆలోచనే మారిపోతుంది.

ఈ దూడను చూడండి. కంటి చుట్టూ గుండ్రంగా బొచ్చు ఊడి, బూడిదరంగు పక్కు కట్టింది. బొచ్చు ఊడటాన్ని అలోపేసియా అంటారు. గ్రీకులో నక్క పేరు నుంచి వచ్చిన మాట, గజ్జి పట్టిన నక్కకు బొచ్చు ఊడుతుంది కదా. కానీ ఈ దూడకు గజ్జి కాదు. గజ్జయితే గోడకు, గుంజకు ఒకటే రుద్దుకుంటుంది, ఆ దురదను ప్రురైటస్ అని రాస్తారు. దీనికి దురద పెద్దగా లేదు. ఇది తామర, రింగ్‌వార్మ్. పేరులో వార్మ్ ఉన్నా పురుగు కాదు, ఫంగస్. మనుషులకూ అంటుకుంటుంది, అందుకే గ్లౌజులు వేసుకున్నాను. ఇంట్లో పిల్లల్ని ఈ దూడను ముద్దుచేయనివ్వకండి.

గొర్రెల వాళ్ళకు ఒక్క మాట. నెల్లూరు గొర్రెకు ఉండేది వెంట్రుకలు, చీటీలో హెయిర్ అని రాస్తారు. గొంగడికి ఉన్ని ఇచ్చే దక్కనీ గొర్రెకైతే వూల్. దక్కనీకి చేత్తో ఉన్నిని పాయలుగా విడదీస్తేనే లోపలి చర్మం, పిడుదులు కనిపిస్తాయి. పైనుంచి చూసి బాగుంది అనుకోవద్దు.

డాక్టర్‌కు ఫొటో పంపేటప్పుడు మచ్చ పక్కన రూపాయి బిళ్ళ పట్టుకోండి, సైజు తెలుస్తుంది. ఒకటి దగ్గరగా, ఒకటి పశువు మొత్తం కనిపించేలా తీయండి. సంచార వైద్యం బండి కోసమైతే 1962కి చేయండి. ఏ కాలు, ఏ వైపు గిట్ట అన్నది ముందే చూసి పెట్టుకుని మాట్లాడండి.