టియర్‌డ్రాప్ క్యాంపర్: ముందు అచ్చు, తర్వాతే ప్లైవుడ్

నమస్కారం అండీ. అమెరికాలో గరాజ్ ఉన్న మనవాళ్లు చాలామంది టియర్‌డ్రాప్ ట్రైలర్, అంటే కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే నీటిబొట్టు ఆకారపు చిన్న బండి, సొంతంగా చేసుకోవచ్చా అని అడుగుతున్నారు. చక్కగా చేసుకోవచ్చు. లోపల ఇద్దరికి పడక, వెనక మూత ఎత్తితే వంటగట్టు. అక్కడి జనం 1930ల నుంచీ ఇళ్లలో చేసుకుంటున్న బండే ఇది. ఈ రోజు గోడల అచ్చు, అంటే గోడలు కోయడానికి వాడే నమూనా పలక, ఒక్కటే చూద్దాం, ఎందుకంటే బండి అందమంతా అక్కడే తేలిపోతుంది.

ప్లైవుడ్ షీటు 4 అడుగులు, 8 అడుగులు. గోడ కూడా అందులోనే ఇమిడేలా గీసుకుంటే ఒక్కో గోడకి ఒక్కో షీటు సరిపోతుంది. బండి వెడల్పు మీ ఇష్టం, అచ్చు మారదు. 5 అడుగుల ఫ్లోర్‌కి బయటివైపు గోడలు బిగిస్తే 60 అంగుళాల క్వీన్ పరుపు పడుతుంది.

ముప్పావు అంగుళం బర్చ్ ప్లైవుడ్ ఖరీదైన సరుకు. దాని మీద నేరుగా గీయొద్దు. అచ్చు కోసం పావు అంగుళం హార్డ్‌బోర్డు (చెక్క పీచుతో చేసిన గట్టి పలక) తెచ్చుకోండి, ఏ తప్పు జరిగినా దాని మీదే జరగాలి.

గ్రాఫ్ కాగితం మీద అడుగుకి అంగుళం లెక్కన పక్కవైపు బొమ్మ వేసుకోండి. హార్డ్‌బోర్డు మీద 6 అంగుళాల గళ్లు కొట్టండి, పొడవున 16, ఎత్తున 8. బొమ్మలో అర అంగుళం ఇక్కడ ఒక గడి. బొమ్మలో వంపు ఏ గీతని ఎక్కడ దాటిందో చూసి ఇక్కడ చుక్క పెట్టి, చిన్న మేకు కొట్టండి.

ఇదిగో, ముడులు లేని సన్నటి పైన్ బద్ద. మేకులకి ఆనించి వంచుతున్నాను. ఈ మేకు దగ్గర సందు కనిపిస్తోందా? బద్దని బలవంతంగా నొక్కకండి, మేకునే పీకేయండి. బద్ద దానంతట అది తిరిగిన వంపే నునుపుగా ఉంటుంది. రేపు పైకప్పు షీటు కూడా అలాగే కూర్చుంటుంది. గీసే ముందు కన్ను బోర్డు దాకా దించి బద్ద వెంట ఒకసారి చూడండి. ఎక్కడ గుంట ఉన్నా, బొడిపె ఉన్నా తెలిసిపోతుంది.

జిగ్‌సాతో (వంపులు కోసే చిన్న కరెంటు రంపం) గీతకి కాస్త బయటగా కోసి, పొడవాటి చెక్కకి ఉప్పు కాగితం చుట్టి గీత దాకా రుద్దండి. పైకప్పుకి వాడే 1/8 అంగుళం ప్లైవుడ్ ముక్కని అన్నిటికంటే బిగువైన వంపు మీద వంచి చూడండి. పటపటమంటే ఆ వంపుని ఇంకాస్త విశాలం చేయాలి.

ఇప్పుడు అచ్చుని నిలబెట్టి, పక్కన పరుపు వేసుకుని కూర్చోండి. తల ఎక్కడికి వస్తుందో, మోకాలు ఎక్కడ తిరుగుతుందో చూశాకే తలుపు గీయండి. ఇరుసు గీత కూడా పెట్టండి. తలుపు మడ్‌గార్డుకి తగలకూడదు. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కారు కొక్కెం మీద పడాలి, ఇరుసుని దాన్ని బట్టి జరుపుకోవాలి.

వెనక మూతకి ఆకారమిచ్చే వంపు చెక్కలు, అంటే పక్కటెముకలు కూడా ఈ అచ్చు నుంచే తీసుకోండి. విడిగా గీస్తే మూత ఎక్కడో ఒకచోట పైకి లేచి, వాన నీళ్లు లోపలికొస్తాయి.

ఇక ప్లైవుడ్. అచ్చుని క్లాంపులతో బిగించి, బేరింగ్ ఉన్న ఫ్లష్ ట్రిమ్ బిట్‌తో రౌటర్ (చెక్క అంచులు చెక్కే కరెంటు పనిముట్టు) నడపండి. బేరింగ్ అచ్చు అంచు వెంట దొర్లుతుంటే, బిట్ ప్లైవుడ్‌ని సరిగ్గా అదే ఆకారంలో కోస్తుంది. రెండో గోడకి మాత్రం అచ్చుని తిరగేసి పెట్టండి. లేదంటే ఒక గోడకి మంచి ముఖం లోపలికి పోతుంది.