పెంచిన తండ్రి పాట

శ్రోతలకు నమస్కారం.

ఆఫ్రికాలో సహారా ఎడారి దాటి దక్షిణానికి వెళ్తే, పల్లెల్లో ఇళ్ల చుట్టూ గింజలు ఏరుకునే ఒక బుల్లి పిట్ట కనిపిస్తుంది. పేరు ఎర్రముక్కు ఫైర్‌ఫించ్. బరువు పది గ్రాముల లోపే. మగది ఎర్రగా, ఆడది మట్టి రంగులో ఉంటుంది. మన పొలాల్లో తిరిగే జీనువాయి పిట్టలకు దగ్గరి చుట్టమే.

అదే పల్లెల్లో విలేజ్ ఇండిగోబర్డ్ అని ఇంకొకటి ఉంది. సైజు ఇంచుమించు అంతే, తిండీ ఆ గడ్డిగింజలే. జతకట్టే కాలంలో మగది నీలి మెరుపుతో నల్లగా నిగనిగలాడుతుంది. ఆడదాన్ని చూస్తే పిచ్చుకేమో అనుకుంటాం.

తేడా అంతా సంసారంలోనే. ఫైర్‌ఫించ్ జంట గడ్డితో గుండ్రటి గూడు కట్టి, లోపల ఈకలు పరిచి, వంతులేసుకుని గుడ్లు పొదుగుతుంది. ఇండిగోబర్డ్‌కి ఆ బాదరబందీ లేదు. నేరుగా ఫైర్‌ఫించ్ గూట్లోనే గుడ్లు పెట్టేస్తుంది.

కోకిల గుర్తొచ్చింది కదూ? కానీ కాకి గూట్లో పెరిగినా కోకిల పెద్దయ్యాక కావుకావుమనదు. ఇండిగోబర్డ్ కథ వేరు. దాని పిల్ల నోరు తెరిస్తే లోపలి మచ్చలు కూడా ఫైర్‌ఫించ్ పిల్లకు ఉన్నట్టే ఉంటాయి. ఆ ఇంటి పిల్లల్ని బయటికి నెట్టదు, వాటితో కలిసే పెరుగుతుంది. మేపాల్సిన నోళ్లు పెరుగుతాయి కాబట్టి ఫైర్‌ఫించ్‌కి అదీ భారమేననుకోండి. మగపిల్ల పెంచిన తండ్రి పాట నేర్చుకుంటుంది. ఆడపిల్ల పెద్దయ్యాక ఆ పాట పాడే మగ ఇండిగోబర్డ్‌నే ఇష్టపడుతుంది, గుడ్లకు మళ్లీ ఫైర్‌ఫించ్ గూడే వెతుక్కుంటుంది.

ఇదంతా పుట్టుకతో వచ్చిందా, పెంపకంతో వచ్చిందా? అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ పేన్ బృందం కొన్ని ఇండిగోబర్డ్ పిల్లల్ని బెంగాలీస్ ఫించ్ అనే పెంపుడు పిట్టల చేత పెంచించింది. మగవి ఆ పిట్టల పాటే పాడాయి. ఆడవి ఆ పాటకే మొగ్గాయి, బెంగాలీస్ ఫించ్ గూళ్లలోనే గుడ్లు పెట్టాయి. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఇదే: ఒక్క తరంలో పాట, పెళ్లి, పుట్టిల్లు మూడూ మారిపోయాయి.

ఇలా ఇల్లు మారడం వల్లే కొత్త ఇండిగోబర్డ్ జాతులు పుట్టాయని 2003లో నేచర్ పత్రికలో వచ్చిన జన్యు పరిశోధన చెప్పింది. వాటిలో కొన్ని జాతుల మగపిట్టలు ఎంత ఒకేలా ఉంటాయంటే, ఏది ఏ జాతిదో తేల్చడానికి పరిశోధకులు కూడా అది ఎవరి పాట పాడుతోందో వినాల్సిందే.