పువ్వు ఎక్కడ ఆగి వృత్తం ఎక్కడ మొదలైంది? బియాట్రిజ్ మిల్యాజెస్ చిత్రాలు

నమస్కారం. ఈ రోజు బ్రెజిల్ చిత్రకారిణి బియాట్రిజ్ మిల్యాజెస్ చిత్రాలు చూద్దాం. ఆమె 1960లో రియో డి జనీరోలో పుట్టారు. స్టూడియో కూడా అక్కడే, 1808 నుంచి ఉన్న బొటానికల్ గార్డెన్‌కు దగ్గరలో. అంత పెద్ద తోట పక్కన పనిచేసే మనిషి పువ్వులు వేయడంలో వింతేమీ లేదు. ఆ పువ్వుల మధ్యకు వలయాలు, చారలు, గడులు వచ్చి ఎలా ఇమిడిపోయాయన్నదే నన్ను పట్టేసింది.

పువ్వునూ జ్యామితినీ కలిపే బొమ్మలు ఇప్పుడు చాలా వస్తున్నాయి. నీటిరంగుల్లో ముద్దుగా ఒక గులాబీ, దాని వెనక బంగారు రంగు షట్కోణం. ఆ షట్కోణం తీసేసినా గులాబీకి వచ్చే నష్టం లేదు. అది బొమ్మకు పటం కట్టినట్టే. మిల్యాజెస్ చిత్రంలో వృత్తం తీస్తే పువ్వు కూలిపోతుంది. చుక్కల ముగ్గు వేసేవారికి ఈ సంగతి చెప్పనక్కర్లేదు. చుక్కల లెక్క తప్పితే తామర విచ్చుకోదు కదా!

దీని వెనక ఒక పద్ధతి ఉంది. 1989లో ఆమె మొదలుపెట్టారు, పేరు మోనోట్రాన్స్‌ఫర్. పువ్వునైనా వలయాన్నైనా పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు మీద అక్రిలిక్ రంగులతో వేసి ఆరనిస్తారు. రంగు ఉన్న వైపును కాన్వాస్‌కు అంటించి, ఆ తర్వాత ప్లాస్టిక్‌ను ఒలిచేస్తారు.

ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నాను. ఇది అలాగే నేను వేసి చూసిన మందారం. ప్లాస్టిక్ మీద మొదట వేసిన పొరే చివరికి పైకి తేలుతుంది. అందుకని ముందు పుప్పొడి చుక్కలు పెట్టాను, తర్వాత కేసరం, ఆపైన ఈనెలు, అన్నిటికన్నా చివర ఎర్రటి రేకలు. అలవాటైన వరుసంతా తలకిందులు. వేలితో తడిమితే నున్నగా ఉంది, కుంచె జాడే లేదు. ఈ మూల చూడండి, రేక కొస ప్లాస్టిక్‌తో పాటే ఊడిపోయింది. ఆ ఊడిన అంచు ఎండకు వాడిన రేకలాగే ఉంది! ఇది చేశాకే ఆమె చిత్రాలు నాకు సరిగ్గా అర్థమయ్యాయి.

మామూలుగా పువ్వులో కుంచె ఊపు కనిపిస్తుంది, వృత్తంలో కంపాసు కనిపిస్తుంది. రెండూ ఒకే కాన్వాస్ మీద పడితే ఇద్దరు వేసిన బొమ్మలా ఉంటుంది. ఇక్కడ రెండూ ప్లాస్టిక్ నుంచే వచ్చాయి కాబట్టి రెండింటికీ ఒకే చర్మం. పైగా ఆమె ఆ షీట్లను పారేయకుండా మళ్లీ మళ్లీ వాడతారు. వాటికి అంటుకుని మిగిలిన పాత రంగు పెచ్చులు కొత్త వలయంలోకి వచ్చి చేరతాయి. కంపాసుతో గీసినంత కచ్చితమైన వృత్తానికి పండుటాకులా వయసు వస్తుంది. జ్యామితికి ఇలా ప్రాణం పోసినవారిని నేను ఇంకొకరిని చూడలేదు.

తనపై ఫ్రెంచ్ చిత్రకారుడు మతీస్, డచ్ చిత్రకారుడు మోండ్రియాన్, బ్రెజిల్‌కే చెందిన చిత్రకారిణి టార్సిలా దో అమరాల్ ప్రభావం ఉందని ఆమె చెబుతారు. రియో కార్నివాల్ రంగులూ లేసు అల్లికలూ సరేసరి. 2003లో ఇటలీలో జరిగే అంతర్జాతీయ కళా ప్రదర్శన వెనిస్ బియెనాలేలో బ్రెజిల్ తరఫున పాల్గొన్నారు. 2025లో న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియం ఆమె చిత్రాలతో ప్రదర్శన పెట్టింది.

అన్నీ ఒకేలా నచ్చాయని చెప్పను. తర్వాతి కాలపు కొన్ని చిత్రాల్లో చారలదే పైచేయి. పువ్వు కేవలం రంగు బిళ్లగా మిగిలిపోయిందనిపిస్తుంది. నా ఓటు 1990ల చివరి చిత్రాలకే, అక్కడ రెండూ సమానంగా పెనుగులాడతాయి.

న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఉన్న 1996 నాటి 'సక్యులెంట్ ఎగ్‌ప్లాంట్స్' చిత్రం నుంచి మొదలుపెట్టండి. ఫోనులో చూస్తుంటే బొమ్మను బాగా పెద్దది చేసి, వృత్తాల అంచుల వెంట మెల్లగా వెళ్లండి. రంగు పెచ్చు ఎగిరిపోయిన చోట కాసేపు ఆగండి, కింద ఏ రంగు దాగి ఉందో చూడండి.