మొరాయించే డిస్కును తుడిచే ముందు

అందరికీ నమస్కారం.

సీడీయో డీవీడీయో ఆడుతూ ఆడుతూ మధ్యలో ఆగిపోతే మనలో చాలామంది ఒకటే పని చేస్తాం. బయటికి తీసి, హా అని ఆవిరి ఊది, ఒంటిమీదున్న చొక్కా అంచుతో గుండ్రంగా రుద్ది, మళ్లీ లోపల పెడతాం. నేనూ ఏళ్ల తరబడి అదే చేశాను. అలా రుద్ది రుద్ది ఇంట్లో వేడుక వీడియో ఉన్న డిస్కును నా చేతులతో నేనే పాడుచేసుకున్నాను. అంతకుముందు అది చివర్లో ఒకచోట మాత్రమే తడబడేది. నా సేవ అయ్యాక అసలు మొదలవడమే మానేసింది. ఎందుకలా అయిందని తెలుసుకోబోయి నేర్చుకున్న సంగతులే ఈరోజు చెబుతాను.

సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు. అందులో దాదాపు అంతా పాలీకార్బనేట్ అనే పారదర్శకమైన ప్లాస్టిక్. సమాచారం మాత్రం మెరిసే వైపు పైపైన లేదు. ప్లాస్టిక్ మందమంతా దాటి వెళ్లాక, లేబుల్‌కు దాదాపు ఆనుకుని ఉంటుంది. అక్కడ పలుచటి అల్యూమినియం పొర, దాని మీద కాస్త వార్నిష్ లాంటి పూత, ఆపైన లేబుల్ అచ్చు, అంతే. మనమేమో మెరిసే వైపు గీతలు పడకూడదని లేబుల్ వైపు కిందికి ఉండేలా డిస్కును బల్లమీద పడేస్తాం. సీడీ ప్రాణం ఉన్నది ఆ వైపే. అనుమానంగా ఉంటే దీపానికి అడ్డంగా పట్టుకుని చూడండి. లేబుల్ వైపు గీత పడినచోట సూదిమొన అంత వెలుగు కనిపించిందంటే అక్కడ అల్యూమినియం లేచిపోయినట్టే. దాన్ని ఏ పాలిష్ కూడా వెనక్కి తేలేదు.

డీవీడీ ఈ విషయంలో కాస్త అదృష్టవంతురాలు. 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండు అతికించి చేస్తారు, సమాచారం ఆ రెంటి మధ్యా దాగి ఉంటుంది. బ్లూరే పరిస్థితి వేరు. చదివే వైపు నుంచి కేవలం 0.1 మిల్లీమీటర్ లోతులోనే సమాచారం ఉంటుంది కాబట్టి దానికి గట్టి పూత వేస్తారు. బ్లూరేను పాలిష్ చేయాలనే ఆలోచనే పెట్టుకోకండి.

ఇంత దుమ్ములో, ఇన్ని వేలిముద్రల మధ్య కూడా సీడీ ఎలా ఆడుతోందని మీకు ఎప్పుడైనా అనిపించిందా? కళ్లద్దాల మీద చిన్న నలక ఉన్నా ఎదురుగా ఉన్న అక్షరాలు చదవగలుగుతాం. ఎందుకంటే మన చూపు నిలిచేది నలక మీద కాదు, అక్షరాల మీద. లేజర్ కూడా అంతే. డిస్కు పైభాగాన్ని తాకేటప్పుడు దాని కాంతి మిల్లీమీటర్‌కు కొంచెం తక్కువ వెడల్పు ఉంటుంది. లోపలి పొరను చేరేసరికి ఒకటి రెండు మైక్రాన్ల చుక్కగా కుదించుకుపోతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. పైనున్న చిన్న చెత్త దాని చూపులో పడదు.

రెండో రక్షణ లెక్కల్లో ఉంది. రీడ్, సాలమన్ అనే ఇద్దరు గణితవేత్తలు 1960లో ఒక సంకేత పద్ధతిని ప్రచురించారు. 1982లో సీడీ మార్కెట్‌లోకి వచ్చేసరికి అది దానికి వెన్నెముక అయింది. సమాచారంతో పాటు కొంత అదనపు లెక్కను కూడా రాసి, అంతటినీ ముక్కలు చేసి దూరదూరంగా చల్లుతారు. ఒకచోట కొంత పోయినా మిగతా ముక్కల నుంచి దాన్ని తిరిగి లెక్కగట్టవచ్చు. ట్రాక్, అంటే సమాచారం రాసి ఉన్న వరస, దాని వెంబడి సుమారు రెండున్నర మిల్లీమీటర్లు వరసగా పోయినా పూడ్చుకోగలదు. అంతకు మించితే చేతులెత్తేస్తుంది.

నేను చేసిన తప్పు ఎక్కడుందో ఇక్కడే తేలింది. పుస్తకంలో ఒక పేజీ మీద పై నుంచి కిందికి కలంతో గీత గీశారనుకోండి. ప్రతి వరసలో ఒక్క అక్షరం పోతుంది, అయినా చదువుకోవచ్చు. అదే గీతను ఒక వరస పొడవునా గీస్తే ఆ వాక్యం మొత్తం పోతుంది. డిస్కులో వరసలు గుండ్రంగా చుట్టుకుని ఉంటాయి. గుండ్రంగా రుద్దితే గుడ్డలో ఇరుక్కున్న ఇసుక రేణువు వరస వెంబడే గీసుకుంటూ పోతుంది. మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడిస్తే, గీత పడినా ఒక్కో వరసను అడ్డంగా దాటి పోతుంది. ఇంకో సంగతి, డిస్కు చదవడం మొదలయ్యేది లోపలి అంచు నుంచి. విషయసూచిక లాంటిది అక్కడే ఉంటుంది. అక్కడ దెబ్బ తగిలితే డ్రైవ్ డిస్కును గుర్తుపట్టను కూడా గుర్తుపట్టదు. నా డిస్కుకు జరిగింది అదే. చివర్లో మాత్రమే తడబడుతుంటే మురికి బయటి అంచు దగ్గర, అంటే మనం వేళ్లతో పట్టుకునే చోట ఉందని అనుకోవచ్చు.

తుడిచే ముందు ఇంకో డిస్కు పెట్టి చూడండి. అదీ ఆడకపోతే తప్పు ప్లేయర్‌ది, లెన్స్‌ది. ఏ పాపం ఎరుగని డిస్కును రుద్దడం ఎందుకు?

తప్పు డిస్కుదే అయితే ముందు నొక్కితే గాలి ఊదే రబ్బరు బుడ్డితో దుమ్ము ఊదేయండి, నోటితో వద్దు, తుంపర్లు పడతాయి. తర్వాత మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవండి. జిడ్డు పోకపోతే గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క సబ్బు ద్రవం కలిపి కడిగి, మంచినీళ్లతో జాడించి, పూర్తిగా ఆరనివ్వండి. ఇంకా మొండి మరకైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కాస్త అద్దవచ్చు. థిన్నర్, అసిటోన్, పెట్రోల్ మాత్రం దగ్గరికి రానివ్వకండి, ప్లాస్టిక్ మసకబారిపోతుంది. టిష్యూ పేపర్ చూడటానికి మెత్తగానే ఉంటుంది గాని సన్నగా గీస్తుంది.

టూత్‌పేస్ట్ సంగతి అడుగుతారని తెలుసు. అది గీతను పూడ్చదు. గీత ఒడ్డులను అరగదీసి, లోతైన ఒక్క గీత బదులు సన్నని గీతలు వందలు పెడుతుంది. ఒక్కోసారి నిజంగానే ఫలిస్తుంది. అయినా కాపీ చేసుకునే ప్రయత్నాలన్నీ అయిపోయాకే, సీడీ మీదో డీవీడీ మీదో మాత్రమే, ఆఖరి అస్త్రంగా వాడాలని నా అభిప్రాయం.

చాలామంది మరిచిపోయే మాట ఒకటుంది. తుడిచాక డిస్కు ఆడితే సంతోషంతో కూర్చుని చూడకండి, వెంటనే కాపీ చేయండి. మళ్లీ ఆడుతుందన్న నమ్మకమేమీ లేదు. పాటల సీడీలో సెకనుకు 44,100 నమూనాలు, అంటే శబ్దపు కొలతలు, ఉంటాయి, రెండు మూడు పోతే ప్లేయర్ ఊహించి కప్పిపుచ్చేస్తుంది. ఫైళ్లున్న డిస్కులో ఊహకు చోటు లేదు, ఒక్క బిట్ తప్పినా ఫైలు పాడైనట్టే. కాపీ మొండికేస్తే వేగం తగ్గించండి, ఇంకో డ్రైవ్‌లో పెట్టి చూడండి. ఒక డ్రైవ్ చదవలేనిది మరోటి అలవోకగా చదవడం నేను ఎన్నోసార్లు చూశాను. డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. పరీక్షలో తెలిసిన ప్రశ్నలు ముందు రాసే పిల్లవాడిలా, సులువుగా వచ్చే భాగాలన్నీ ముందు తీసుకుంటుంది. రాని చోట్లు ఒక ఫైలులో గుర్తుపెట్టుకుని తర్వాత వాటి దగ్గరికి వస్తుంది. డ్రైవ్ మార్చినా ఆగినచోటి నుంచే కొనసాగించవచ్చు. వేడుక డిస్కును కూడా అలాగే మూడో డ్రైవ్‌లో పెట్టి చాలావరకు బయటికి తీశాను. మొదటి కొన్ని నిమిషాలు మాత్రం రాలేదు.

రెండు చోట్ల ఈ విద్య పనిచేయదు. మధ్య రంధ్రం దగ్గర పగులున్న డిస్కును డ్రైవ్‌లో పెట్టకండి. 52x అని రాసి ఉండే, అంటే పాటల సీడీ ఆడే వేగానికి 52 రెట్ల వేగంతో చదివే డ్రైవ్‌లో అది నిమిషానికి దాదాపు పదివేల చుట్లు తిరుగుతుంది, లోపలే ముక్కలు కావచ్చు. రెండోది, మనం ఇంట్లో రాసుకున్న డిస్కులు. వాటిలో చాలావాటికి సమాచారం ఉన్నది ఒక రంగు పొరలో, ఎండలో పెడితే వెలిసిపోతుంది. వెలిసినదాన్ని తుడిచి లాభం లేదు. అది రాసిన డ్రైవ్ ఇంకా పనిచేస్తుంటే దానిలో ఒకసారి ప్రయత్నించడం ఒక్కటే మార్గం.

మీలో కొందరు డిస్కులు తెచ్చారు కదా. అంచులు పట్టుకుని ఒక్కొక్కటిగా ఇటివ్వండి, దీపానికి పెట్టి చూద్దాం.