తిరుగుబాటుకు ముందటి టూసాన్

శ్రోతలకు నమస్కారం. నేటి హైతీ దేశం ఒకప్పుడు సాన్ డొమాంగ్ అనే ఫ్రెంచి వలస. 1789 నాటికి అక్కడి చెరకు, కాఫీ తోటల్లో దాదాపు ఐదు లక్షల మంది నల్లజాతివారు బానిసలుగా మగ్గుతుండేవారు. వారిని విముక్తి వైపు నడిపించిన టూసాన్ లూవెర్త్యూర్ పేరు వినగానే మనకు యుద్ధాలే స్ఫురిస్తాయి. కాని 1791లో తిరుగుబాటు రగిలేనాటికి ఆయన యాభయ్యో పడికి చేరువలో ఉన్నారు. ఆ నాయకుడు ఎలా తయారయ్యాడో తెలియాలంటే అంతకు ముందటి జీవితాన్నే చూడాలి.

ఆయన 1743 ప్రాంతంలో, కాప్ ఫ్రాన్సే పట్టణం సమీపాన ఉన్న బ్రెడా తోటలో పుట్టారు. తండ్రి పశ్చిమాఫ్రికాలోని అల్లాడా ప్రాంతం నుంచి బందీగా ఓడలో వచ్చినవాడు. చిన్నప్పుడు మరీ బక్కగా ఉండడంతో తోటివారు టూసాన్‌ను పుల్ల అని వెక్కిరించేవారట. ఆ పిల్లవాడే పెరిగి పెద్దయి ఆ చుట్టుపక్కల పేరుమోసిన రౌతు అయ్యాడు. పియెర్ బాతిస్త్ అనే పెద్దాయన అక్షరాలు నేర్పాడని కుటుంబ కథనం. పశువుల పోషణ, ఆకుపసర్ల వైద్యం కూడా టూసాన్‌కు అక్కడే అలవడ్డాయి. తోట మేనేజరు బేయోన్ ద లిబెర్తా ఆయనను తన బండి తోలేందుకు పెట్టుకున్నాడు. పొలంలో కొరడా కింద వంగి పనిచేసేవారికి తోట హద్దులే లోకమైతే, కళ్లేలు పట్టుకుని ముందు కూర్చున్న మనిషికి దారులు, పట్టణం, దొరల మాటలు అన్నీ తెలిసేవి. ఆయన నిజమైన చదువు ఇదేనని నా నమ్మకం.

1776 నాటికే ఆయన స్వేచ్ఛ పొందారు. 1779లో ఒక చిన్న కాఫీ తోటను, అందులోని 13 మంది బానిసలతో సహా, కౌలుకు తీసుకున్నారు. మనసుకు కష్టంగా ఉన్నా ఈ సంగతిని దాచకూడదు. బానిసత్వమే ఆస్తిగా చలామణి అయిన ఆ సమాజంలో నల్లవాడు పైకి రావడానికి ఉన్న దారులు కూడా ఎంత మలినమైనవో దీనివల్ల తెలుస్తుంది. తాను విడుదలైనా, అయినవాళ్లు చాలామంది బానిసలుగానే ఉండిపోయారు. తల్లి బానిసైతే బిడ్డా బానిసే అన్నది 1685 నాటి ఫ్రెంచి శాసనం.

1791 ఆగస్టులో ఉత్తర మైదానంలోని తోటలు తగలబడ్డాయి. టూసాన్ వెంటనే ఉరకలేదు. కొన్ని వారాలు బ్రెడాలోనే ఆగి, మేనేజరు భార్యను సురక్షిత ప్రాంతానికి పంపించి, ఆ తరువాతే తిరుగుబాటు నాయకుడు బియాసూ శిబిరంలో చేరారు. మొదట అక్కడ ఆయన చేసింది వైద్యం. 1793 ఆగస్టు 29న, లూవెర్త్యూర్ అన్న పేరుతో, సాన్ డొమాంగ్‌లో స్వేచ్ఛాసమానత్వాలు నెలకొనాలని కోరుతూ తోటి నల్లజాతివారిని తనతో చేయి కలపమని పిలిచారు.